ఆకాశమూ నేలా ఒకే పాఠం

మన బడుల్లో ప్రకృతిని పంచుకున్న తీరు చూస్తే అన్నదమ్ముల ఆస్తి పంపకం గుర్తుకొస్తుంది. సూర్యుడూ చంద్రుడూ కాంతీ భౌతికశాస్త్రం మాస్టారి వాటా. నదులూ నేలలూ రుతుపవనాలూ సాంఘికశాస్త్రం మాస్టారి వాటా. చెట్టూ చేమా పురుగూ పుట్రా జీవశాస్త్రం టీచరు వాటా. ఎవరి గట్టు వారిది. గట్టు దాటి పక్క చేలోకి తొంగిచూసే పిల్లవాడికి అది నా సబ్జెక్టు కాదన్న జవాబే దొరుకుతుంది. పరీక్షలు అయిపోయేసరికి వాడి చేతిలో మూడు గుడ్డముక్కలు మిగులుతాయి. వాటిని కలిపి కుట్టే సూదీదారం మాత్రం ఎవరూ ఇవ్వరు.

ప్రకృతికి ఈ పంపకాలు తెలియవు. గుంటూరు నుంచి చిలకలూరిపేటకు పోయే జాతీయ రహదారి మీద, కొండవీటి కొండల చేరువలో ఉన్న ఎడ్లపాడునే తీసుకుందాం. ఇక్కడి కల్లాల్లో ఆరబోసిన మిర్చికి ఎండ కావాలి. ఆ మిర్చి పండిన నల్లరేగడిని తయారుచేయడానికి రాయీ వానా ఎండా కలిసి వేల సంవత్సరాలు పనిచేశాయి. ఆ వానను పంపేది సముద్రం. సముద్రాన్ని కాచేది సూర్యుడు. కల్లం మీద అకాల వర్షం పడబోతోందని ముందుగా చెప్పడానికి సాయపడేది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం. వాన తడికి సరిగా ఆరని కాయకు బూజు పడుతుంది. ఆ బూజులోంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది మోతాదు మించితే విదేశాల్లో సరుకు తిరస్కరిస్తారు. ఈ గొలుసులో ఏ లింకు భౌతికశాస్త్రం, ఏది సాంఘికశాస్త్రం, ఏది జీవశాస్త్రం? విడదీయగలవారుంటే విడదీయండి.

భూమినీ అంతరిక్షాన్నీ ఒకదానితో ఒకటి అల్లుకున్న వ్యవస్థలుగా నేర్పాలన్నది నేడు అనేక దేశాల్లో విద్యావేత్తలు చెబుతున్న మాట. అమెరికాలో 2013లో వెలువడిన కొత్త సైన్స్ ప్రమాణాల్లో ‘భూమి-అంతరిక్ష శాస్త్రం’ పేరిట రెండింటినీ కలిపి ఒకే శాస్త్రంగా కూర్చారు. విశ్వంలో భూమి స్థానం, భూమిలోని వ్యవస్థలు, భూమికీ మనిషికీ ఉన్న సంబంధం - ఇవీ అందులోని మూడు భాగాలు. మన దేశంలో ఎన్.సి.ఇ.ఆర్.టి. 2025లో తెచ్చిన 8వ తరగతి సైన్స్ పుస్తకంలోనూ చంద్రకళలకూ క్యాలెండర్లకూ ముడిపెట్టిన పాఠం ఉంది. భూమి మీదనే జీవం ఎందుకు నిలబడిందో వివరించే పాఠమూ ఉంది. ఇది హర్షించదగిన విషయం. అయితే పుస్తకం మారినంత మాత్రాన బోధన మారదు. బోధన మారాలంటే మన ఊరి నేల, మన ఊరి నీడ, మన ఊరి గాలి పాఠంలోకి రావాలి.

గాలి ఆగిందని బయటికొస్తే?

ఈ విషయం ఎంత ముఖ్యమైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. తుపాను తీరం దాటుతోంది. ఈదురుగాలి, కుంభవృష్టి. హఠాత్తుగా గాలి ఆగిపోతుంది. వాన వెలుస్తుంది. గండం గడిచిందనుకొని ఇంట్లోవాళ్లు గొడ్డూగోదా చూసుకోవడానికి బయటికొస్తారు. కాసేపటికి గాలి మళ్లీ లేస్తుంది, ఈసారి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి. మొదటి గాలికి ఒరిగి నిలిచిన గోడలు రెండో గాలికి కూలతాయి.

ఎందుకిలా జరుగుతుంది? భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల మన ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. సుడి నడుమ ప్రశాంతమైన ‘కన్ను’ ఉంటుంది. కన్ను మన ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఆగుతుంది. అది దాటిపోగానే సుడి అవతలి అంచు మనల్ని తాకుతుంది. అక్కడి గాలి దిక్కు వేరు. ఇంతే విషయం. కానీ భూభ్రమణం ఒక పుస్తకంలోనూ, తుపాను మరో పుస్తకంలోనూ, ప్రథమచికిత్స ఇంకో పుస్తకంలోనూ ఉంటే పిల్లవాడు ఆ మూడింటినీ గాలివాన రాత్రి కలుపుకోగలడా? భూభ్రమణానికి నిర్వచనం రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్ల, గాలి ఆగిందని తలుపు తీయబోయే నాన్నను ఆపగలగాలి. చదువు అంటే అదీ.

మన కోస్తా ఈ పాఠానికి చాలా మూల్యం చెల్లించింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది చనిపోయారు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. బంగాళాఖాతంలో మేఘాలు సుడి తిరగడం మొదలుపెట్టినప్పటి నుంచీ చూడగలిగే కన్ను మనకు వచ్చింది. 1990 మే నెలలో కృష్ణా తీరాన్ని అంతే భయంకరమైన తుపాను తాకినప్పుడు లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా దాదాపు వెయ్యిమంది చనిపోయారు. కానీ 1977తో పోల్చితే ఎన్ని వేల ప్రాణాలు దక్కాయో గ్రహించవచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఎడ్లపాడుకు ఎంతో దూరం లేని బాపట్ల దగ్గరే తీరం దాటింది. పైర్లు నేలకొరిగాయి. అయితే దాని రాక గురించి కొన్ని రోజుల ముందే అందరికీ తెలిసింది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్సాట్-3డిఎస్ కూడా ఈ వాతావరణ పరిశీలన కోసమే.

అంతరిక్షం ఎక్కడో ఉన్నదని, దానితో మనకేం పనని అనుకునేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకొని చూడాలి.

గుంటూరు మీద పడిన నీడ

మన ప్రాంతానికి సౌరశాస్త్ర చరిత్రలో ఒక స్థానం ఉంది. మన పిల్లల్లో చాలామందికి ఆ సంగతి తెలియదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. చంద్రుడి నీడ దక్కను మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి పోయింది. నేటి పల్నాడులోని ఎడ్లపాడూ ఆ నీడ దారిలోనిదే. పగటివేళ అయిదు నిమిషాలకు పైగా చీకటి కమ్మింది.

దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. బ్రిటిష్ వారి తరఫున టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నం చేరాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలల కాంతిని పట్టకంతో విడదీసి చూస్తే ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే అవి మండుతున్న వాయువులన్నమాట. గ్రహణం లేకపోయినా ఆ గీతలను చూడవచ్చునని జాన్సెన్ మర్నాడే గుంటూరులో నిరూపించాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా ఈ పద్ధతిని కనిపెట్టాడు. ఆ గీతల్లో ఒక పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుడికి గ్రీకు భాషలో ఉన్న పేరునుబట్టి ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరుపెట్టారు.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. 1895లో విలియం రామ్సే ఇదే హీలియంను భూమ్మీద యురేనియం ఉన్న ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతుంది. మనకు ఎండ వచ్చేది ఆ కలయిక నుంచే. భూమిలోనేమో యురేనియం, థోరియం మెల్లగా క్షీణిస్తూ హీలియంను పుట్టిస్తాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం ఖనిజంలోనూ ఆ పని జరుగుతూనే ఉంది. మన కాళ్లకింది మామూలు గ్రానైటు రాతిలోనూ అతి స్వల్పంగా జరుగుతూనే ఉంది. ఆ క్షయం నుంచి పుట్టే వేడి భూగర్భాన్ని చల్లారనీయకుండా ఉంచే కారణాల్లో ఒకటి. రాయి పాఠమూ సూర్యుడి పాఠమూ ఒకే చోట కలుసుకోవడమంటే ఇదే.

ఆ గ్రహణం గడిచిన 155 ఏళ్లకు, 2023 సెప్టెంబరు 2న, ఇదే ఆంధ్రతీరంలోని శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ణి పరిశీలించడానికి బయల్దేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన అది నిలిచింది. అందులోని ఒక పరికరం సూర్యబింబాన్ని కప్పేసి, ఎప్పుడూ గ్రహణమే ఉన్నట్టుగా, చుట్టూ ఉన్న కాంతివలయాన్ని చూస్తుంది. 1868లో అయిదు నిమిషాల కోసం సముద్రాలు దాటి వచ్చినవారికి ఇది తెలిస్తే ఎంత సంబరపడేవారో!

గ్రహణం విషయంలో మన సమాజానికి మరొక మాట గుర్తుచేయాలి. మహాప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. ఎవరి మరణానికో, ఎవరి పుట్టుకకో గ్రహణాలు సంభవించవని ప్రవక్త (స) అక్కడికక్కడే ఆ అపోహను తొలగించారు. కన్నబిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలోనూ మూఢనమ్మకానికి చోటివ్వలేదు. గ్రహణాల వేళ గర్భిణులను చీకటిగదిలో కూర్చోబెట్టే ఇళ్లు మనలో నేటికీ ఉన్నాయి. ఆ ఇళ్లకు ఈ సంఘటన తెలియాలి.

ఒక కర్ర, ఒక నీడ

పరికరాలు లేవు, ప్రయోగశాల లేదు అనే సాకు ఈ పాఠానికి చెల్లదు. మీటరు పొడవున్న కర్రను బడి ఆవరణలోనో మస్జిద్ ఆవరణలోనో నిలువుగా పాతండి. మధ్యాహ్నం నీడ ఎప్పుడు అతి పొట్టిదవుతుందో పిల్లలను చూడమనండి. గడియారంలో సరిగ్గా పన్నెండుకు కాదు. మన దేశకాలాన్ని కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్నిబట్టి నిర్ణయించారు. ఎడ్లపాడు దానికి రెండు డిగ్రీలకు పైగా పడమట ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా సూర్యుడు మన నడినెత్తి రేఖకు వస్తాడు. జొహర్ వేళ ఊరూరికీ కొంచెం తేడాగా ఉండటానికి కారణం ఇదేనని చెబితే పిల్లవాడికి రేఖాంశం జన్మలో మరుపుకు రాదు.

అదే కర్రను ఏడాదంతా చూడమనండి. డిసెంబరు మూడోవారంలో మధ్యాహ్నపు నీడ ఉత్తరం వైపు 80 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. మే మొదటివారంలో ఒకనాడు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. జూన్ 21 నాటికి నీడ దక్షిణం వైపు తిరిగి 13 సెంటీమీటర్లు ఉంటుంది. ఆగస్టు మొదటి పది రోజుల్లో మళ్లీ మాయమవుతుంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉన్నదన్న వాక్యం అప్పుడు కంటికి కనిపిస్తుంది.

అక్కడ ఆగకూడదు. నీడ పొట్టిదవుతున్న ఆ నెలల్లోనే భూభాగం సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తే సముద్రం మీది తేమగాలి ఆ ఖాళీలోకి వస్తుంది. అదే నైరుతి రుతుపవనం. కర్ర నీడకూ పత్తి విత్తే అదునుకూ సంబంధం తెలిసింది కదా! అలాగని నీడ ఒక్కటే వానను నిర్ణయించదు. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో, పెరూ దేశపు జాలరులు ఎల్‌నినో అని పేరుపెట్టిన వేడినీటి వల్ల కూడా మన వాన తగ్గుతుంటుంది. ఎల్‌నినో ఏడాది అయిన 2023లో ఆగస్టు నెల, 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అతి తక్కువ వాన కురిసిన ఆగస్టుగా నమోదైంది. కృష్ణానది పుట్టేది మహాబలేశ్వరం దగ్గర. అక్కడ వాన పడకపోతే సాగర్ కుడికాలువ కింద రైతు ఆకాశం కేసి చూడవలసిందే.

ఖిబ్లా పాఠం మరింత ముచ్చటైనది. ఏటా మే 28 ప్రాంతంలో మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, మళ్లీ జులై 16 ప్రాంతంలో 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు మక్కాలో కాబా గృహానికి సరిగ్గా పైన ఉంటాడు. ఆ నిమిషాన ఎడ్లపాడులో సూర్యుడున్న దిక్కే ఖిబ్లా. కర్ర నీడకు ఎదురు దిక్కుకు గీత గీస్తే అది పడమటికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది. భూమి గుండ్రమనడానికి ఇంతకంటే చక్కని పాఠం ఏముంటుంది?

నెలవంక నేర్పే గణితం

చంద్రుణ్ణి మనం రంజాన్ మాసం ముందూ ఈద్ ముందూ మాత్రమే వెదుకుతాం. మిగిలిన నెలల్లో కూడా పిల్లలచేత రోజూ చూపించి నోటుపుస్తకంలో బొమ్మ గీయించాలి. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. అందుకే చాంద్రమాసం ఒకసారి 29, ఒకసారి 30 రోజులు. పన్నెండు మాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. అందుకే రంజాన్ ఎండాకాలంలోకీ వానాకాలంలోకీ చలికాలంలోకీ జరుగుతూ దాదాపు 33 ఏళ్లకు మొదటిచోటికి వస్తుంది. తాత మే నెల ఎండలో ఉన్న ఉపవాసాలనూ మనవడు డిసెంబరు చలిలో ఉన్న ఉపవాసాలనూ పక్కన పెట్టి లెక్క చేయిస్తే ఇంటిల్లిపాదికీ ఖగోళ పాఠమే.

ఆ చంద్రుడే బాపట్ల సూర్యలంక తీరంలో ఆటుపోట్లను కూడా నడుపుతాడు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పడి పోటు పెరుగుతుంది. తుపాను ఉప్పెన ఆ పోటువేళే వస్తే నీరు మరింత లోపలికి చొచ్చుకొస్తుంది. నెలవంకను చూసే పిల్లకు ఈ ముక్క కూడా చెప్పాలి.

కొండ మీది నుంచి కొలిచినవాడు

973లో జన్మించిన అల్-బీరూనీ ఈ విధమైన చదువుకు గొప్ప నమూనా. నేటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట దగ్గర ఆయన ఒక కొండ ఎత్తు కొలిచాడు. కొండ మీది నుంచి దిగంతం ఎంత కోణం కిందికి దిగి కనిపిస్తుందో కొలిచాడు. ఈ రెండింటితో భూమి వ్యాసార్ధాన్ని నేటి విలువకు చాలా దగ్గరగా లెక్కగట్టాడు. 400 మీటర్ల ఎత్తు నుంచి దిగంతం దిగే కోణం అర డిగ్రీ కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న కోణంలో భూగోళమంతటినీ చూడగలిగాడు.

అదే బీరూనీ మన దేశంలో నేలను కూడా చూశాడు. పర్వతాల దగ్గర నదిలో పెద్ద పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్న రాళ్లు, చివరికి ఇసుక ఉండటం గమనించి, ఈ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన మట్టితో పూడిందని రాశాడు. ఆకాశాన్ని కొలిచిన చేత్తోనే మట్టినీ పరీక్షించాడు. ఇది నా సబ్జెక్టు కాదని అనలేదు.

ఎడ్లపాడు మండలంలోనే కొండవీడు ఉంది. రెడ్డిరాజులు ఏలిన దుర్గం, కుతుబ్‌షాహీల కాలంలో ముర్తజానగర్ అని పిలిచిన సీమ. ఏటా పిల్లలను బస్సుల్లో ఎక్కించి ఎక్కడికో విహారయాత్రకు తీసుకుపోయే బడులు ఒక్కసారి వారిని ఈ కొండకు నడిపించాలి. కొండమీది చెరువుల్లో వాననీరు ఎలా నిలిపారో చూపాలి. కొండపాదం నుంచి చేల దాకా మూడుచోట్ల గుప్పెడు మట్టి తెప్పించాలి. ఆ మట్టిని గాజుసీసాల్లో నీళ్లతో కలిపి కదలనీయకుండా పెడితే అడుగున గులకలు, పైన ఇసుక, ఆపైన బంకమన్ను పేరుకుంటాయి. బీరూనీ నదిలో చూసిన వరుస సీసాలో కనిపిస్తుంది. నల్లరేగడి వానకు ఉబ్బి, వేసవికి నెర్రెలు విచ్చడం ఆ బంకమన్ను గుణమేనని అప్పుడు చెప్పవచ్చు.

అభ్యంతరాలు

ఇవేవీ పరీక్షల్లో రావు కదా అని కొందరు తల్లిదండ్రులంటారు. నిజానికి ఇవన్నీ పరీక్షల్లో వచ్చేవే, ముక్కలు ముక్కలుగా. కలిపి నేర్చినవాడు ముక్కలను మరిచిపోడు. ముక్కలుగా బట్టీపట్టినవాడు ఒకటి మరిచిపోతే రెండోది అందుకోలేడు.

సైన్సు ఎక్కువైతే దైవభక్తి తగ్గుతుందని కొందరి భయం. నీడను చూసి నమాజు వేళ, చంద్రుణ్ణి చూసి నెల నిర్ణయించుకునే సమాజానికి ఈ భయం తగదు. ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా, ప్రతి కొత్త ఆవిష్కరణా మన గ్రంథాల్లో ఏనాడో ఉందని చెప్పుకొని తృప్తిపడేవారూ ఉన్నారు. బీరూనీ అలా తృప్తిపడి ఇంట్లో కూర్చోలేదు. కొండెక్కి కొలిచాడు. ఆయన వారసులమని చెప్పుకోవాలంటే మన పిల్లలు కూడా కొలవాలి.

చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం, జీవశాస్త్రం ఉపాధ్యాయులు ముగ్గురూ నెలకు ఒక పీరియడు కలిసి తీసుకోవాలి. ‘తుపాను’ లేదా ‘మిర్చి’ అన్న ఒకే అంశాన్ని ముగ్గురూ చెప్పాలి. మక్తబ్‌కు వచ్చే పిల్లలకు కర్ర నీడను చూపడానికి మస్జిద్ కమిటీలు అనుమతిస్తే చాలు, పైసా ఖర్చుండదు. ఒక డబ్బా పెట్టి వాన కొలవడం, రోజూ చంద్రుడి బొమ్మ గీయడం ఇంట్లో తల్లులు చూసుకోగలరు. మిర్చి కోతల రోజుల్లో పనికి పోయి బడి మానేసే ఆడపిల్లల కోసం ఈ నోటుపుస్తకం ఇంటికే పంపించాలి. కల్లం దగ్గర కూర్చున్నా ఆ పిల్ల నీడను కొలవగలదు, గాలి దిక్కు రాయగలదు. తిరిగి బడికి వచ్చిననాడు ఆ పిల్ల వెనకబడినదై కాకుండా, తరగతిలో ఎవరి దగ్గరా లేని లెక్కలు తెచ్చినదై కూర్చుంటుంది.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ మా విన్నపం ఒక్కటే. వచ్చే తుపాను హెచ్చరిక వినబడేలోగా, గాలి ఆగినప్పుడు ఎందుకు బయటికి రాకూడదో మీ ఇంట్లోని పిల్లలను అడగండి. వారు చెప్పగలిగితే పాఠం అందినట్టే. చెప్పలేకపోతే ఈ సాయంత్రమే మొదలుపెట్టండి.